పదిహేను నిమిషాల వంటకు సంజాయిషీ ఎందుకు?

"ఇవాళ ఏదో హడావుడిగా చేసి పడేశాను, ఏమీ అనుకోకండి!"

భోజనానికి పిలిచిన ఇల్లాలి నోట ఈ మాట వినని వాళ్ళుంటారా? పప్పు, కూర, పులుసు, పచ్చడి, అప్పడాలు, గడ్డపెరుగు... అన్నీ వడ్డించి మరీ ఈ మాట అనేవాళ్ళున్నారు. అలాంటిది నిజంగానే పదిహేను నిమిషాల్లో ఒక్క వంటకం చేసి, వేడి అన్నం మీద వేసి, "రండి, తినండి" అనాలంటే ఎంత గుండె ధైర్యం కావాలి! వండింది రుచిగా ఉన్నా, తిన్నవాళ్ళు గిన్నె ఖాళీ చేసినా, వండినావిడ మనసులో మాత్రం ఏదో తప్పు చేసినట్టే ఉంటుంది.

ఆ తప్పు చేసిన భావన గురించే ఈ నాలుగు మాటలు. దానికి సాకుగా ఒక వంటకాన్ని తీసుకుంటాను. అది కొరియా పద్ధతిలో చేసే బీఫ్ కీమా. అమెరికాలో ఉద్యోగాలు చేసుకుంటున్న ఇల్లాళ్ళు, అక్కడి మన తెలుగు వాళ్ళతో సహా, సాయంత్రం ఆరింటికి ఇల్లు చేరి ఏడింటికల్లా పిల్లలకి అన్నం పెట్టడానికి ఆశ్రయించే వంటకాల్లో ఇదొకటి. మనకూ కొరియా ఇప్పుడు మరీ దూరపు చుట్టమేం కాదు. 2019లో పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ మొదలయ్యాక ఆ చుట్టుపక్కల కొరియా కుటుంబాలు వచ్చాయి, వాళ్ళ భోజనశాలలూ వచ్చాయి. ఇక కొరియా సీరియళ్ళు చూస్తూ "అమ్మా, ఆ ఎర్రటి పచ్చడేమిటే?" అని అడగని పిల్లలు ఏ ఊళ్ళో ఉన్నారు చెప్పండి!

అసలు వంటకం, కొసరు వంటకం

కొరియాలో బుల్గోగి అని ఒక పేరున్న వంటకం ఉంది. 'బుల్' అంటే నిప్పు, 'గోగి' అంటే మాంసం. బీఫ్‌ని పల్చటి పొరల్లా కోసి, సోయా సాస్, పంచదార, వెల్లుల్లి, ఉల్లికాడలు, మిరియాల పొడి, నువ్వుల నూనె, బేరి పండు గుజ్జు కలిపి నానబెట్టి, నిప్పుల మీదో పెనం మీదో కాలుస్తారు. బేరి పండు తీపికీ పనికొస్తుంది, మాంసం మెత్తబడడానికీ పనికొస్తుంది. మనం మాంసానికి బొప్పాయికాయ ముక్క పట్టిస్తామే, అలాగన్నమాట.

ఆ రుచిని కీమాకి పట్టిస్తే పదిహేను నిమిషాల వంటకం అయింది. ఇది కొరియా అవ్వల కాలం నాటి వంటకం కాదు. సముద్రాలు దాటి వెళ్ళిన రుచిని తీరిక లేని ఇళ్ళవాళ్ళు తమ అవసరానికి మలుచుకున్నది. "అయితే అది అసలైన కొరియా వంట కాదన్నమాట!" అని పెదవి విరిచేవాళ్ళు ఉంటారు. కాదండీ, కాదు. మిక్సీలో రుబ్బిన గోంగూర పచ్చడి రోటి పచ్చడి కాదు. అయినా మనం తినడం మానేశామా? అలాగే కొరియాలోనూ గోచుజాంగ్ అనే మిరప ముద్దని కీమాతో కలిపి వేయించి, సీసాలో పెట్టుకుని, రోజూ అన్నంలో కాస్త కలుపుకునే అలవాటు ఉంది. తీరిక ఉన్న రోజు పని, తీరిక లేని రోజు కోసం దాచుకోవడం అన్ని దేశాల ఆడవాళ్ళకీ తెలిసిన విద్యే.

ఇది ఇంత త్వరగా ఎందుకు అవుతుందంటే, కోసే పని మాంసం కొట్లోనే అయిపోతుంది. ముక్క సన్నగా ఉండడం వల్ల నానబెట్టే పనీ లేదు, ఉడికే దాకా ఎదురుచూసే పనీ లేదు. సాస్ ప్రతి పలుకుకీ దానంతటదే పడుతుంది.

నలుగురికి చేసే తీరు

అర కిలో కీమా, సోయా సాస్ మూడు టేబుల్ స్పూన్లు, బెల్లం పొడి రెండు టేబుల్ స్పూన్లు, వెల్లుల్లి రేకలు ఐదారు, అంగుళం అల్లం ముక్క, దంచిన ఎండుమిర్చి ఒక చెంచా, నువ్వుల నూనె రెండు చెంచాలు, ఉల్లికాడలు నాలుగు, వేయించిన నువ్వులు ఒక చెంచా. అంతే సరుకు.

ముందు అన్నం పొయ్యి మీద పడేయండి. కొరియా వాళ్ళ బియ్యం పొట్టిగా, ఉడికితే జిగురుగా ఉంటుంది. మనకి సోనామసూరి చాలు, కాస్త మెత్తగా వండుకుంటే సరి. కీమా కడిగే అలవాటున్న వాళ్ళు నీళ్ళు పూర్తిగా వాడ్చాలి. వెడల్పాటి మూకుడు బాగా వేడెక్కాక కీమాని పరిచినట్టు వేసి, రెండు నిమిషాలు కదపకుండా వదిలేయండి. అడుగు ఎర్రబడ్డాక అట్లకాడతో విడగొట్టండి. నీళ్ళన్నీ ఇగిరి, మాంసం వేగిన వాసన రావాలి. కొవ్వు ఎక్కువ తేలితే తీసేయండి. సన్నగా తరిగిన అల్లం, వెల్లుల్లి వేసి ఒక్క నిమిషం వేయించాక, సోయా సాస్, బెల్లం పొడి, ఎండుమిర్చి, మూడు నాలుగు చెంచాల నీళ్ళు కలిపి పొయ్యండి. రెండు మూడు నిమిషాల్లో దగ్గరపడుతుంది. దించాక నువ్వుల నూనె, ఉల్లికాడలు, నువ్వులు.

ఇందులో రెండే రెండు కిటుకులు. సాస్ ముందే పోస్తే మాంసం వేగదు, ఉడుకుతుంది. పైగా తీపి ఉంది కాబట్టి అడుగంటుతుంది. అందుకే సాస్ చివర్లో. కొరియా వాళ్ళ నూనె వేయించిన నువ్వులది. దాని పని వాసన. పొయ్యి మీద మరగబెడితే ఆ వాసన ఎగిరిపోతుంది. అందుకే నూనె దించాక. మన గానుగ నువ్వుల నూనెకి ఆ ఘాటు ఉండదు గనక, నువ్వులు దోరగా వేయించి దంచి పైన చల్లితే లోటు తీరుతుంది. ఎండుమిర్చి విషయంలో జాగ్రత్త! కొరియా మిరపపొడికి రంగెక్కువ, కారం తక్కువ. గుంటూరు మిరపకాయ అదే కొలతకి వేస్తే కళ్ళనీళ్ళే. బ్యాడగి మిర్చి సరిగ్గా సరిపోతుంది.

పక్కన కీరా ముక్కల్లో ఉప్పు, కాస్త వెనిగర్, మిరపపొడి, నువ్వులు కలిపి పెట్టుకుంటే ఆ పూటకి భోజనం పూర్తి. పిల్లలకి సరదా కావాలంటే లెట్యూస్ ఆకులో కాస్త అన్నం, కాస్త కీమా పెట్టి కిళ్ళీలా చుట్టి నోట్లో పెట్టుకోమనండి. కొరియా వాళ్ళు అలాగే తింటారు.

కొరియా వంటింట్లోనూ మన కథే

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. కొరియా అనగానే మనకు సీరియళ్ళలో కనిపించేది బల్ల నిండా చిన్న చిన్న గిన్నెలు. అన్నం, పులుసు, వాటి చుట్టూ 'బాంచాన్' అనే రకరకాల నంజుళ్ళు. చూడముచ్చటగానే ఉంటుంది. ఆ గిన్నెలు నింపిన చెయ్యి ఎవరిది, తిన్నాక కడిగిన చెయ్యి ఎవరిది అన్నది మాత్రం సీరియల్లో అంతగా కనిపించదు.

చలికాలం ముందు కొరియాలో 'కిమ్‌జాంగ్' అని జరుగుతుంది. ఏడాదికి సరిపడా కాకపోయినా చలికాలమంతటికీ సరిపడా క్యాబేజీ కిమ్చి పెట్టుకోవడం. మనకి ఎండాకాలం ఆవకాయ ఎలాగో వాళ్ళకి ఇది అలాగ. చుట్టాలు, ఇరుగుపొరుగు ఆడవాళ్ళు చేరి పదులకొద్దీ, ఒక్కోసారి వందకొద్దీ క్యాబేజీలకి ఉప్పు పట్టించి, మర్నాడు కడిగి, ఆకు ఆకుకీ కారం పూస్తారు. 2013లో యునెస్కో దీన్ని మానవాళి సాంస్కృతిక వారసత్వాల జాబితాలో చేర్చింది. సంతోషమే. కానీ ఆ వారసత్వం మోస్తున్న నడుములకి ఏ జాబితా ఉంది?

'చుసోక్' అని వాళ్ళ పంటల పండుగ. పితృదేవతలకి నైవేద్యం పెట్టాలి. పండుగ ముందు రోజంతా కోడళ్ళు నేల మీద కూర్చుని నూనెలో అట్లలాంటివి వేయిస్తూనే ఉండాలి. ఆ వంశం పెద్దలకి నైవేద్యం, వండేది మాత్రం ఆ వంశంలో పుట్టని కోడలు! పండుగ అయ్యాక వచ్చే ఒళ్ళు నొప్పులకి, తలనొప్పికి, చిరాకుకి కొరియా భాషలో 'పండుగ జబ్బు' అన్న అర్థంలో ఒక పేరే ఉంది. చో నామ్ జూ అనే రచయిత్రి 2016లో రాసిన 'కిమ్ జీ యంగ్, 1982లో పుట్టింది' అనే నవలలో ఈ పండుగ ఘట్టమే కథని కుదుపుతుంది. అత్తవారింట్లో ఉన్న కోడలు ఉన్నట్టుండి తన తల్లి గొంతుతో మాట్లాడడం మొదలుపెడుతుంది. ఆ నవల కొరియాలో పది లక్షల ప్రతులకి పైగా అమ్ముడుపోయింది. ఎవరి వంటింటి కథ వాళ్ళకి కనిపించకపోతే అన్ని ప్రతులు అమ్ముడుపోతాయా?

ఇక్కడో తమాషా. 2022 సెప్టెంబరులో, కన్ఫ్యూషియస్ సంప్రదాయానికి కొరియాలో పెద్దదిక్కయిన సంగ్‌క్యున్‌క్వాన్ సంస్థే ముందుకొచ్చి, చుసోక్ నైవేద్యానికి తొమ్మిది పదార్థాలు చాలు, నూనెలో వేయించేవి తప్పనిసరి కానే కావు అని ప్రకటించింది! ఎన్నో తరాల కోడళ్ళు ఏ శాస్త్రం పేరు చెబితే భయపడి పొయ్యి ముందు కూర్చున్నారో, ఆ శాస్త్రంలో ఆ మాటే లేదట. మనింట్లో కూడా "ఇలాగే చెయ్యాలి, ఇన్ని చెయ్యాలి" అన్నవాటిలో ఎన్ని నిజంగా ఆచారాలో, ఎన్ని ఎవరో ఒకప్పుడు అలవాటు చేసినవో ఒక్కసారి లెక్కేసి చూడండి.

మిగిలిన గంట ఎవరికి?

"త్వరగా అయ్యే వంటలు నేర్పితే ఆడవాళ్ళకి తీరిక దొరుకుతుంది కదా, ఇంకేం కావాలి?" అని మీరు అడగవచ్చు. అక్కడే నా అనుమానం.

గ్యాస్ పొయ్యి వచ్చింది. కుక్కరు వచ్చింది. మిక్సీ వచ్చింది, గ్రైండరు వచ్చింది. ఒక్కొక్కటి వచ్చినప్పుడల్లా "ఇంకేముంది, ఆడవాళ్ళకి పని లేకుండా పోయింది" అన్నారు. పోయిందా? రోట్లో రుబ్బే రోజుల్లో ఆదివారం ఇడ్లీ అంటే పండగ. మిక్సీ వచ్చాక సోమవారం ఇడ్లీ, మంగళవారం పెసరట్టు, బుధవారం వడ! రెండు రకాల పచ్చళ్ళు! అమెరికాలో రూత్ స్వార్ట్జ్ కోవన్ అనే చరిత్రకారిణి 1983లో దీని మీద ఒక పుస్తకమే రాశారు. ఇంటిపనికి యంత్రాలు వచ్చినకొద్దీ, అంతకుముందు కట్టెలు కొట్టడం, నూర్చడం, మొయ్యడం లాంటి పనుల్లో మగవాళ్ళకీ పిల్లలకీ ఉన్న వాటా పోయిందట. ఆడవాళ్ళ వాటా మాత్రం పదిలంగా ఉందట! పైగా ఇల్లు ఇంకా శుభ్రంగా ఉండాలి, వంట ఇంకా రకరకాలుగా ఉండాలి అనే ఆశలు పెరిగాయి.

లెక్కలు కావాలా? మన ప్రభుత్వమే 2024లో చేసిన సర్వే ప్రకారం, ఇంటి పనులు చేసే ఆడవాళ్ళు రోజుకి 289 నిమిషాలు వాటికి వెచ్చిస్తున్నారు. చేసే మగవాళ్ళు వెచ్చించేది 88 నిమిషాలు. 2019లో 299, 97. అంటే అయిదేళ్ళలో ఆడవాళ్ళకి తగ్గింది పది నిమిషాలు. మగవాళ్ళకి తగ్గింది తొమ్మిది! కొరియా మనకంటే ఎంతో ధనిక దేశం. అక్కడ 1996 నుంచే వండిన అన్నం డబ్బాల్లో అమ్ముతున్నారు. అయినా 2019 లెక్కల్లో, భార్యాభర్తలిద్దరూ ఉద్యోగం చేసే ఇళ్ళలో భార్య ఇంటి పని రోజుకి 3 గంటల 7 నిమిషాలు, భర్తది 54 నిమిషాలు. డబ్బాలో అన్నం వచ్చినంత మాత్రాన వడ్డించే చెయ్యి మారదన్నమాట.

కనుక పదిహేను నిమిషాల వంట గొప్పతనం అది పదిహేను నిమిషాల్లో అయిపోవడంలో మాత్రమే లేదు. దాన్ని ఎవరైనా చెయ్యగలగడంలో ఉంది. తాలింపు మాడకుండా చూడడం, పాకం తీగ వచ్చిందో లేదో పట్టి చూడడం లాంటి ఏళ్ళ తరబడి అబ్బే విద్యలేవీ దీనికి అక్కర్లేదు. కొలిచి పొయ్యడం, కలియబెట్టడం వస్తే చాలు. అంటే "నాకు వంట రాదు" అనే మాట ఈ వంటకం ముందు చెల్లదు! పదో తరగతి అబ్బాయి చెయ్యవచ్చు. నలభై ఏళ్ళ వాళ్ళ నాన్నగారూ చెయ్యవచ్చు. ఈ వంటకాన్ని మీరు నేర్చుకుని మీరే చేస్తే మీకు మిగిలేది ఒక గంట. ఇంకొకరికి నేర్పి వాళ్ళ చేత చేయిస్తే మీకు మిగిలేది ఒక సాయంత్రం. తేడా గమనించారా?

గిన్నెలో ఏముందన్నది

బీఫ్ అనగానే కొందరు ఈపాటికే పేజీ తిప్పేసి ఉంటారు. తిప్పని వాళ్ళకి ఒక మాట. మన రాష్ట్రాల్లో 1977 చట్టం ప్రకారం గోవధ నిషేధం. మన దగ్గర బీఫ్ పేరుతో దొరికేది చాలావరకు గేదె, దున్న మాంసమే. హైదరాబాదు కల్యాణి బిర్యానీ దానితోనే చేస్తారు. పల్లెల్లో 'పెద్దకూర' అంటారు. దళితుల ఇళ్ళలో, ముస్లిముల ఇళ్ళలో, క్రైస్తవుల ఇళ్ళలో ఎందరో తల్లులు పిల్లలకి పెట్టే కూర అది. అయినా వంటల పేజీల్లో దాని పేరు కనిపించడం ఎంత అరుదు! పేరు రాయనంత మాత్రాన పొయ్యి మీద లేకుండా పోతుందా? దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తహీనత ఉందని 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఒంటికి తేలిగ్గా పట్టే ఇనుము ఉన్న తిండిని, తినేవాళ్ళు సిగ్గుపడుతూ తినాల్సిన పరిస్థితి ఎవరికి మేలు?

ఈ విషయంలోనూ కొరియా చరిత్ర మనకి తెలిసిన కథలాగే ఉంటుంది. అక్కడ జోసన్ రాజుల కాలంలో దున్నడానికి ఎడ్లు కావాలని పశువధని పదే పదే నిషేధించారు. పశువులు కోసేవాళ్ళని 'బెక్‌జాంగ్' అని పేరుపెట్టి ఊరికి దూరంగా ఉంచారు. 1894లో చట్టం ఆ తేడాని రద్దు చేసినా మనుషులు రద్దు చేయలేదు. వాళ్ళ పిల్లల్ని బడికి రానివ్వలేదు. చివరికి 1923లో జింజూ అనే ఊళ్ళో వాళ్ళే ఒక సంఘం పెట్టుకున్నారు. త్రాసు సమంగా నిలవాలి అనే భావం ఆ సంఘం పేరులోనే ఉంది. ఇవాళ అదే కొరియాలో చుసోక్‌కి చుట్టాలకిచ్చే ఖరీదైన కానుకల్లో బీఫ్ ఒకటి! నిన్న అంటరానిదన్నది ఇవాళ కానుక అయింది. మధ్యలో అవమానం పడ్డవాళ్ళకి మాత్రం ఆ కాలం తిరిగి రాదు.

తిననివాళ్ళని తినమనడం నా ఉద్దేశం కాదు. మటన్ కీమాతోనో, చికెన్ కీమాతోనో, మెదిపిన సోయా గింజలతోనో ఇదే వంటకం చేసుకోవచ్చు. ఎవరి నమ్మకం వాళ్ళది. పక్కింటి గిన్నె మూత తీసి చూసే హక్కు మాత్రం ఎవరికీ లేదు.

కాస్త జాగ్రత్త కూడా

మెచ్చుకున్నాం కదా అని లోపాలు దాచకూడదు. టేబుల్ స్పూను సోయా సాస్‌లో దాదాపు 900 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. పెద్దవాళ్ళకి రోజు మొత్తానికీ 2000 మిల్లీగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కాబట్టి ఇందులో వేరే ఉప్పు వెయ్యకండి. రక్తపోటు ఉన్నవాళ్ళకి సాస్ ఇంకా తగ్గించండి. ఇలాంటి మాంసం వండాక వారానికి 350 నుంచి 500 గ్రాములు మించకుండా తినడం మంచిదని క్యాన్సర్ పరిశోధన సంస్థల సలహా. అందుకే వారానికొకసారి చాలు. కీమా సగానికి తగ్గించి, తురిమిన క్యారెట్, పుట్టగొడుగులు, పాలకూర కలిపితే ఖర్చూ తగ్గుతుంది, కడుపూ నిండుతుంది. కీమాలో సూక్ష్మజీవులు పైపైన కాక లోపలంతా కలిసిపోతాయి గనక పచ్చి పచ్చిగా దించకూడదు. వంట థర్మామీటర్ ఉన్నవాళ్ళు 71 డిగ్రీల సెంటీగ్రేడ్ దాటిందో లేదో చూసుకోవచ్చు. మిగిలితే రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టేయండి.

ఏం చేద్దామంటారు?

వంట చెయ్యడం చిన్నతనమని నేను అనను. కమ్మగా వండి పదిమందికి పెట్టడంలో ఉన్న తృప్తి మనకు తెలియనిదా! తీరిక ఉన్న రోజు, మనసు పుట్టిన రోజు, గుత్తివంకాయ అరగంటసేపు మగ్గబెడదాం. కానీ ఎన్ని గంటలు పొయ్యి ముందు నిలబడితే అంత ప్రేమ అనే కొలత మనకి ఎవరు పెట్టారు? అదే కొలతతో ఇంట్లో మిగతావాళ్ళ ప్రేమని కొలిస్తే ఎంత తేలుతుందో ఎప్పుడైనా చూశారా?

అందుకని ఒక చిన్న ప్రయత్నం చేసి చూడండి. వారంలో ఒక రాత్రి వంట మీది కాదని ఇంట్లో ముందే చెప్పేయండి. పైన చెప్పిన తీరుని ఒక కాగితం మీద రాసి పొయ్యి గట్టు పక్కన అంటించండి. సరుకు ఎక్కడుందో చూపించండి. ఆ తర్వాత వంటింట్లోకి తొంగి చూడకండి! మొదటి వారం సాస్ ఎక్కువవుతుంది. రెండో వారం వెల్లుల్లి మాడుతుంది. తినండి. "ఇలా ఇవ్వండి, నేను చేస్తాను" అని మాత్రం గరిటె లాక్కోకండి. చాలా ఇళ్ళలో నేర్చుకోబోయిన చెయ్యి వెనక్కి పోయేది సరిగ్గా అక్కడే. నాలుగో వారానికి వంట కుదురుతుంది. మూకుడు కడగడం కూడా వంటలో భాగమేనని మొదటి రోజే చెప్పడం మరచిపోకండి.

ఇక మీ వంతు వచ్చిన రోజు, ఒక్క కూరే చేసి అన్నం మీద వేసి పెట్టిన రోజు, "ఏమీ అనుకోకండి" అనే మాట నాలుక చివరిదాకా వస్తుంది. దాన్ని అక్కడే ఆపేసి, మీ గిన్నె మీరు తెచ్చుకుని వాళ్ళతోపాటే కూర్చోండి. వేడివేడిగా తినండి. అందరూ తిన్నాక చల్లారిన అన్నం తినాలని ఏ శాస్త్రంలోనూ లేదు.